విరాళాల విందు బల్ల మీద వెలిగే ఆర్చి బ్రిడ్జి: ఎలా కట్టాలి

ముందు ఒక టేపు తీసుకుని విందు బల్ల దగ్గర కుర్చీలో కూర్చోండి. బల్ల మీది నుంచి మీ కంటి వరకు ఎంత ఎత్తుందో పక్కవాళ్లని కొలవమనండి. 40 నుంచి 45 సెంటీమీటర్ల దాకా వస్తుంది. బల్ల మధ్యలో ఏం పెట్టాలనుకున్నా మొదలు ఈ కొలతే. 30 సెంటీమీటర్ల లోపు ఎంత పూలైనా పేర్చుకోండి, 60 దాటాక ఎంత ఆర్భాటమైనా చేసుకోండి, ఆ రెండిటి మధ్య మాత్రం ఖాళీగా ఉంచాలి. మామూలు పెళ్లి భోజనాల్లో అడ్డున్నా ఎవరూ పట్టించుకోరు, తిని లేచిపోతారు. విరాళాల కోసం పెట్టే విందు అలా కాదు, పదిమంది ఒక బల్ల చుట్టూ మూడు గంటలు కూర్చోవాలి, ఒకాయన "రెండు ఆపరేషన్ల ఖర్చు నాది" అంటే ఎదుటాయన ఆయన ముఖంలోకి చూసి "అయితే ఇంకో రెండు నేనిస్తానండి" అనాలి. ఆ చూపుకి పూలకుండీ అడ్డొస్తే ఎంత అందంగా ఉన్నా అది తీసేయాల్సిందే.

మా ఊళ్లో పేదల కంటి ఆపరేషన్ల కోసం పెట్టిన విందుకి నేనూ మా చెల్లీ కలిసి పన్నెండు బల్లలకి ఇవి కట్టాం. మొదట మా ఇద్దరికీ మనసులో మెదిలింది ప్రభే, అంటే దేవుడి కోసం వెదురు వంచి కట్టే ఎత్తైన అలంకారపు చట్రం. కోనసీమ వాళ్లకి వెదురు వంచి కట్టడమంటే కనుమ నాడు జగ్గన్నతోటకి భుజాల మీద తరలివచ్చే ఏకాదశ రుద్రుల ప్రభలే కళ్లముందు కదులుతాయి. కానీ దేవుడి ప్రభని రొయ్యల ఇగురు, మటన్ పలావు వడ్డించే బల్ల మీద ఎలా పెడతాం? వచ్చినవాళ్లలో ఒక్కరి మనసు నొచ్చుకున్నా తప్పే. అందుకని కట్టే పద్ధతి మాత్రం ప్రభది తీసుకుని, రూపం రాజమండ్రి ఆర్చి బ్రిడ్జిది పెట్టుకున్నాం. 1997లో వచ్చిన ఆ వంతెనకి 28 ఆర్చీలు, గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లాడు కూడా గుర్తుపడతాడు. పైగా ఆర్చికి ఉన్న గొప్ప గుణం ఏమిటంటే ఎంత ఎత్తు కట్టినా దాని కింద నుంచి ఎదుటి మనిషి కనపడతాడు.

కొలతలు చెబుతాను. పదిమంది కూర్చునే గుండ్రటి బల్ల ఆరడుగులుంటుంది, అంటే సుమారు 183 సెంటీమీటర్లు. కంచం, గ్లాసు, చెంచాలకి చుట్టూ 45 సెంటీమీటర్లు వదిలేస్తే మధ్యలో మనకి మిగిలేది 90 చిల్లర. అందులో ఆర్చి కాలికీ కాలికీ మధ్య 80 సెంటీమీటర్లు, ఎత్తు 65. దానికి బద్ద పొడవు దాదాపు 170 పడుతుంది, 180 కోయించుకుంటే రెండు కొసలా కాళ్ల కింద పెట్టే దిమ్మల్లో దూర్చడానికి సరిపోతుంది. ఎనిమిది మంది బల్ల అయిదడుగులే కాబట్టి కాళ్ల మధ్య 55కి తగ్గించండి, ఎత్తు తగ్గించొద్దు.

వెదురు బద్దలు మేదరి వాళ్ల దగ్గర పచ్చిగా ఉన్నప్పుడే చీరించుకోండి, ఎండిన వెదురు వంచబోతే ఫట్టుమంటుంది. రెండు సెంటీమీటర్ల వెడల్పు, అర సెంటీమీటరు మందం చాలు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున పలక మీద ఆర్చి గీత గీసి, గీత వెంట మేకులు కొట్టి, వాటి మధ్య బద్దని నెమ్మదిగా వంచి రెండు రోజులు అలాగే వదిలేయండి. బద్ద పైచర్మం, అంటే నున్నగా మెరిసే వైపు, వంపుకి బయటివైపే ఉండాలి, సాగే బలమంతా ఆ చర్మంలోనే ఉంటుంది. కణుపుల దగ్గర లోపలి వైపు కొంచెం చెక్కితే అక్కడ విరగదు. ఇలాంటి బద్దలు రెండు, మధ్యలో 12 సెంటీమీటర్ల దూరం, జానెడుకో అడ్డపుల్ల పెట్టి పురికొసతో కట్టుకుంటూ పోతే ఆర్చి నిలబడుతుంది. బైండింగ్ వైరు వాడొద్దు, వైరు కొస చెయ్యి గీరుకుంటుంది, లేసుని పట్టి చింపేస్తుంది కూడా.

ఇక లేసు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి అరుగుల మీద కూర్చుని అల్లే క్రోషే లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బల్ల మీద పరిచే పొడవాటి రన్నర్లు దొరుకుతాయి, వెడల్పు 12 నుంచి 14 సెంటీమీటర్లున్నది ఎంచుకుని పల్చటి గంజి పెట్టి, నీడలో సాగదీసి ఆరబెట్టి, రెండు బద్దల మధ్య కింది వైపున దారంతో కుట్టేయండి. గంజి లేకపోతే మన గాలిలో ఉన్న తేమకి గంటలో వేలాడిపోతుంది. లేసు మీద, పై వైపున, ఒక వరస బటర్ పేపరు పరవండి. ఆపైన నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో ఇంకో సన్నటి బద్ద కట్టి, దాని అడుగున లైటు స్ట్రిప్ అంటించండి. ఆ నాలుగు సెంటీమీటర్లు చాలా ముఖ్యం, స్ట్రిప్ లేసుకి ఆనుకుని ఉంటే బల్బులు చుక్కలు చుక్కలుగా కనపడి పండగ సీరియల్ సెట్టులా ఉంటుంది, దూరంగా ఉంటే లేసంతా ఒకే తెల్లటి పాలవెలుగులా నిండుతుంది.

ఆర్చి నడినెత్తిన మాత్రం 30 సెంటీమీటర్ల మేర స్ట్రిప్పూ వద్దు, బటర్ పేపరూ వద్దు. అక్కడ లేసుకి ఏడు సెంటీమీటర్ల పైన ఒకే ఒక్క చిన్న బల్బు, 12 వోల్టులది, ఒక వాటుది పెట్టి, వెలుగు కళ్లలో పడకుండా దాని మీద కొబ్బరి చిప్ప బోర్లించండి. హాలు లైట్లు సగానికి తగ్గించగానే ఏమవుతుందంటే, రూపాయి బిళ్లంత లేసు పువ్వు కింద తెల్లగుడ్డ మీద కంచమంత నీడపువ్వై పరుచుకుంటుంది. ఒక్కో దారం, ఒక్కో ముడి విడివిడిగా కనపడుతుంది. కూర్చున్నవాళ్లు చెయ్యి చాపితే ఆ అల్లిక చేతి మీదకి ఎక్కుతుంది. మా విందులో ఒక పెద్దావిడ తన అరచేతిలో పడ్డ ఆ నీడని చాలాసేపు చూస్తూ కూర్చుంది, ఆవిడ చిన్నప్పుడు లేసు అల్లేదట.

స్ట్రిప్ కొనేటప్పుడు వార్మ్ వైట్ అడగండి, 2700 నుంచి 3000 కెల్విన్ మధ్యది. తెల్లటి ట్యూబ్‌లైటు రంగు కింద ఇగురు చప్పగా, మనుషులు నీరసంగా కనపడతారు. మీటరుకి 60 బల్బులుండే, మీటరుకి 4.8 వాట్లు తినే మామూలు రకం చాలు, దాన్ని ప్రతి మూడు బల్బులకీ ఉన్న రాగి గుర్తు దగ్గరే కత్తిరించాలి. రెండు వైపులా చెరో 70 సెంటీమీటర్లు, పైన బల్బూ కలిపితే మొత్తం ఎనిమిది వాట్ల లోపే, అంటే 12 వోల్టుల మీద 0.67 ఆంపియర్లు. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ తీసుకుని, దాని శక్తిలో సగమే వాడుకున్నా అయిదు గంటలు వస్తుంది. రెండు కిలోల పైచిలుకు ఉండే ఆ బ్యాటరీని ఒక కాలి దిమ్మలో దాచేస్తే బరువు కూడా అదే సర్దుకుంటుంది, రెండో కాలికి అంతే బరువు ఇసుక సంచి పెట్టండి. బ్యాటరీ ప్లస్ వైరుకి పక్కనే రెండు ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా వేయాలి, ఇలాంటి బ్యాటరీ షార్ట్ అయితే వైరు కరిగి గుడ్డ అంటుకుంటుంది. అతుకులన్నీ సోల్డరింగే. మేము తయారుగా కొన్న రెండు సెట్లలో వైర్లు ఊరికే మెలిపెట్టి టేపు చుట్టారు, విందు సగంలో ఆ రెండు బల్లలూ ఆరిపోయాయి. చీకట్లో మిగిలిన ఆ ఇరవై మంది అతిథులని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. ఏ సెట్టు కొన్నా విప్పి చూడండి, ముందురోజు రాత్రి అయిదు గంటలు ఆపకుండా వెలిగించి చూసి, మళ్లీ ఫుల్‌గా ఛార్జింగ్ పెట్టండి.

వంతెన ఉంటే కింద గోదారి ఉండాలి కదా. లోతు తక్కువున్న స్టీలు ట్రే, 60 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, అడుగున నల్ల షీటు అంటించి ఒక సెంటీమీటరు నీళ్లు పోయండి. పైన వెలిగే ఆర్చి వెలుగు నీళ్లలో పడి మెరుస్తుంది. పైన ఫ్యాను తిరిగితే ఆ మెరుపు చెదిరిపోతుంది, అందుకే హాలు వాళ్లతో ముందే మాట్లాడి బల్లల మీది ఫ్యాన్లు ఆపించి ఏసీ గానీ గోడ ఫ్యాన్లు గానీ పెట్టించుకోండి. నీళ్లు అతిథులు వచ్చే పావుగంట ముందే పోయాలి, ముందే పోస్తే సర్దేవాళ్ల చేతులు తగిలి ఒలుకుతాయి.

పూలకి కడియపులంక మార్కెట్టుకి తెల్లవారకముందే వెళ్లండి. చామంతి, బంతి, ఆకులు ఎన్నైనా తెచ్చుకోవచ్చు కానీ లిల్లీలు, మల్లెలు భోజనం బల్ల మీద వద్దు, ఆ వాసన కూర వాసనని తినేస్తుంది. పూలు గుచ్చడానికి ప్లాస్టిక్ స్పాంజి ఎందుకు, రావులపాలెం వైపు ఎవరి తోటలో అడిగినా గెల కొట్టేసిన అరటి బోదె ఊరికే ఇస్తారు. మూరెడు ముక్కలు కోసి నిలువునా చీల్చి, చదును వైపు కిందికి పెట్టి, కాడలు నేరుగా బోదెలోకి గుచ్చండి, అందులో ఉన్న నీరే రాత్రంతా పూలని తాజాగా ఉంచుతుంది. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు మాత్రం మరవొద్దు. అరటి కర తెల్లగుడ్డకి అంటితే చాకలి కూడా చేతులెత్తేస్తాడు.

విందు ఆరుబయట అయితే ఇంకో సంగతి ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వరి చేలు పొట్టమీదో కోతకో ఉన్నప్పుడు దీపం పెట్టగానే పైరు మీది పురుగులు, పచ్చదోమ, సుడిదోమ ముసురుకుంటాయి, మన లైటు కంచం మీదే ఉంది కాబట్టి అవి పడేది పలావులోనే. భోజనాలకి బాగా దూరంగా, గాలివాలు చూసుకుని రెండు తెల్లటి పెద్ద లైట్లు వేయిస్తే చాలావరకు అటు పోతాయి. అయినా నా మాట వింటే ఆ రోజుల్లో హాల్లోనే పెట్టుకోండి.

విరాళం చెప్పినవాళ్ల కోసం నున్నగా గీకిన చిన్న కొబ్బరి చిప్పల్లో బ్యాటరీతో వెలిగే బుల్లి దీపాలు పెట్టి ఒక గంపలో ఉంచండి. ఎవరైనా ఎంత ఇస్తారో చెప్పగానే వాళ్ల చేతికే ఒక చిప్ప ఇచ్చి ఆర్చి కాలి దగ్గర పెట్టమనాలి. పేరు గానీ అంకె గానీ దాని మీద రాయొద్దు, అయిదు వందలు ఇచ్చినాయన దీపం, అయిదు లక్షలు ఇచ్చినాయన దీపం పక్కపక్కన ఒకేలా వెలగాలి. రాత్రి పది దాటేసరికి ఏ బల్ల దగ్గర ఏం జరిగిందో దూరం నుంచే తెలిసిపోతుంది.

అంతా అయ్యాక ముందు ఫ్యూజు తీయండి, తరవాత నీళ్లు వంపండి, ఆపైన లేసు కుట్లు విప్పి చల్లనీళ్లలో నానబెట్టండి, గంజి అలాగే ఉంటే చీమలు పడతాయి. బ్యాటరీలు మర్నాడే ఛార్జింగ్ పెట్టాలి, ఖాళీగా వదిలేస్తే పాడవుతాయి. ఆర్చీలు విప్పకుండా ఒకదాని పక్కన ఒకటి చేర్చి అటక మీద పెట్టుకోవచ్చు. పూలు పీకేసిన అరటి బోదెలు ముక్కలు చేసి గేదెలకి వేసేయండి.