కార్మిక సంఘం వార్షిక లెక్కలు: కోశాధికారులకు సూచనలు

రిజిస్టరైన కార్మిక సంఘం రిజిస్ట్రారుకు పంపే లెక్కలు డిసెంబరు 31తో ముగియాలి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టంలోని ఈ పద్ధతిని, 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా కొనసాగించింది. ఆడిటర్లకు ఏప్రిల్ నుంచి మార్చి దాకా లెక్క కట్టడం అలవాటు కనుక, పని అప్పగించేటప్పుడే ఈ విషయం వారికి చెప్పాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ చూపవలసింది సభ్యత్వ చందాల మీద. శాఖలకు ఇచ్చిన రసీదు పుస్తకాలను వరుస సంఖ్యలతో నమోదు చేసుకుని, ఏడాది చివర వాడినవి, సగం వాడినవి, అసలు ముట్టనివి అన్నీ వెనక్కి తెప్పించి, రసీదుల మొత్తం బ్యాంకులో జమ అయిన సొమ్ముతో సరిపోయిందో లేదో చూడాలి. వసూలైన దాంట్లోంచే శాఖ ఖర్చులు పెట్టుకుని మిగిలింది పంపే ఆనవాయితీని మాన్పించడం కష్టమే గాని, అది మానితే తప్ప లెక్క కుదరదు. చందా జీతంలోంచి కోత పడే చోట యాజమాన్యం ఇచ్చే జాబితాను సభ్యత్వ రిజిస్టరుతో సరిచూసి, పదవీ విరమణ చేసినవారి పేర్లు తొలగించాలి. రిజిస్ట్రారుకు పంపే వార్షిక రిటర్నులో చూపిన సభ్యుల సంఖ్యను చందా రేటుతో గుణిస్తే వచ్చే మొత్తానికీ, నిజంగా వసూలైన మొత్తానికీ పొంతన లేకపోతే, సంఖ్యను పెంచి రాశారన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది.

ఖర్చుల విషయంలో చట్టం హద్దులు గీసింది. కార్యాలయ నిర్వహణ, ఆడిట్, కోర్టు వ్యవహారాలు, పారిశ్రామిక వివాదాలు, సభ్యులకు అనారోగ్యం, ప్రమాదం, మరణం వంటి సందర్భాల్లో చేసే సాయం సాధారణ నిధి నుంచి చెల్లించవచ్చు. ఎన్నికల ప్రచారం లాంటి రాజకీయ ఖర్చులకు మాత్రం విడిగా నిధి ఉండాలి. దానికి డబ్బివ్వమని ఏ సభ్యుణ్నీ బలవంతపెట్టకూడదు, ఇవ్వనివారికి సంఘంలో ఏ హక్కూ తగ్గకూడదు.

ఆస్తి అప్పుల పట్టికలో ఫిక్స్‌డ్ డిపాజిట్లతో పాటు, నాయకులు ప్రయాణాలకు తీసుకుని ఇంకా లెక్క చెప్పని అడ్వాన్సులను, వకీలుకు బాకీ ఉన్న ఫీజును కూడా రాయాలి. ఆడిటరు సంతకమయ్యాక పట్టికలను కార్యవర్గం ముందు, సంఘం నియమావళి ప్రకారం సర్వసభ్య సమావేశం ముందు పెట్టి, ఆ ఏడాది మారిన కార్యవర్గ సభ్యుల వివరాలు జతచేసి, నిర్ణీత గడువులోగా రిజిస్ట్రారుకు సమర్పించి, అందినట్టు రసీదు తీసుకోవాలి.