ఫ్లోరిడాలో పాతకాలపు టికీ కట్టడాలు పిల్లాపాపలతో చూసి రావడం ఎలా?

డిస్నీ వరల్డ్ కోసం ఓర్లాండో వెళ్లి, అటునుంచి అటే కారులో మయామీ దాకా వెళ్లొచ్చే తెలుగు కుటుంబాలు అమెరికాలో చాలా ఉన్నాయి. ఆ దారిలో ఎక్కువమంది ఆగకుండా దాటిపోయేవి ఈ టికీ కట్టడాలు. నిటారుగా లేచిన ఆకుల కప్పు, గుడ్లురిమి చూసే చెక్క విగ్రహాలు, చీకటి పడితే వెలిగే కాగడాలు. పసిఫిక్ దీవులను కలగంటూ అమెరికన్లు కట్టుకున్న లోకం ఇది. నాకు ఇవంటే ప్రాణం. ఒక్కొక్కటే కూలిపోతున్నాయి కాబట్టి ఉన్నప్పుడే పిల్లలకు చూపించాలి.

1. బయల్దేరే ముందు కథ తెలుసుకోండి

1930లలో కాలిఫోర్నియాలో రెండు రెస్టారెంట్లు, హాలీవుడ్‌లో డాన్ ద బీచ్‌కోంబర్, ఓక్లాండ్‌లో ట్రేడర్ విక్స్, ఈ ఫ్యాషన్‌కు నాంది పలికాయి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్‌కు వెళ్లొచ్చిన సైనికులు ఆ దీవుల కబుర్లు ఇంటికి మోసుకొచ్చారు. 1959లో హవాయి అమెరికా రాష్ట్రమైంది. ఇంకేముంది, హోటళ్లు, మోటెళ్లు, మినీ గోల్ఫ్ మైదానాలు, అన్నీ టికీమయం! కారులో పోయేవాళ్ల కళ్లు లాగాలి కాబట్టే కప్పులు అంత ఎత్తున కట్టారు. ఈ మాట పిల్లలకు ముందే చెప్పండి, కిటికీలోంచి వాళ్లే వెతుకుతారు.

2. ఓర్లాండోలోనే మొదలుపెట్టండి

డిస్నీ వారి పాలినేషియన్ విలేజ్ రిసార్ట్ 1971 అక్టోబర్ 1న, పార్కుతో పాటే తెరుచుకుంది. అక్కడ గది తీసుకోకపోయినా ఫర్వాలేదు, మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి మోనోరైల్ ఎక్కి దిగి చూసి రావచ్చు. పార్కు లోపల ఎన్‌చాంటెడ్ టికీ రూమ్ ఉంది. పాడే పక్షి బొమ్మల ఈ ప్రదర్శన మొదట కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1963లో వచ్చింది. చిన్నపిల్లలు కాసేపు చల్లగా కూర్చోడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

3. ఫోన్ చేయకుండా కారెక్కొద్దు

పాత ఫొటోలు చూసి వెళ్తే టెన్షనే మిగులుతుంది. ఒహైయో రాష్ట్రం కొలంబస్‌లో 1961లో కట్టిన కహీకి అనే గొప్ప రెస్టారెంట్‌ను 2000లో కూల్చేసి, ఆ స్థలంలో మందుల షాపు కట్టారు. చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో ఉన్నా అది నిలబడలేదు. కాబట్టి తెరిచే ఉందా, ఏ రోజులు, ఎన్ని గంటలకు అని కనుక్కోండి. ఇంకో సంగతి: టికీ పేరున్న చోట్లు కొన్ని అచ్చంగా బార్లే. 21 ఏళ్లు నిండని వాళ్లను లోపలికి రానివ్వరు. పిల్లలున్నారని ముందే చెప్పి అడగండి.

4. ఒక సాయంత్రం మొత్తం మై-కైకే ఇవ్వండి

మై-కై పాతకాలపు టికీ రెస్టారెంట్. ఓర్లాండో నుంచి దక్షిణంగా మూడున్నర గంటల ప్రయాణం. ఫోర్ట్ లాడర్‌డేల్ పక్కనే, ఓక్లాండ్ పార్క్‌లో, ఫెడరల్ హైవే మీద ఉంటుంది. షికాగో నుంచి వచ్చిన బాబ్, జాక్ థార్న్‌టన్ అన్నదమ్ములు 1956 డిసెంబర్‌లో దీన్ని తెరిచారు. 2020లో పైకప్పు దెబ్బతిని మూతపడితే, ఇక అయిపోయిందనుకున్నాం. బాగుచేసి 2024 నవంబర్‌లో మళ్లీ తెరిచారు.

ఎండ ఉండగానే చేరుకోండి. ముందు వెనక తోటలోకి వెళ్లండి. జలపాతాల పక్కన, ఆకుల మధ్య విగ్రహాలు నిలబడి ఉంటాయి. ఒక్కోదాని దగ్గర ఆగి ఉలి గుర్తులు చూడమనండి. మలొకై బార్ ఓడ లోపలిభాగంలా ఉంటుంది. దాని కిటికీ అద్దాల మీద నీళ్లు అదేపనిగా జారుతుంటాయి. బయట ఎండ మండుతున్నా లోపల కూర్చున్న వాళ్లకు వాన పడుతున్నట్టే!

రాత్రి నృత్య ప్రదర్శనకు టేబుల్ ముందే బుక్ చేసుకోవాలి. భోజనం బిల్లు కాక దానికి విడిగా డబ్బు కట్టాలి. ఖర్చు ఎక్కువే, అయినా ఈ ట్రిప్‌లో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే దీనికే పెట్టమంటాను.

5. ఏది నిజం, ఏది కల్పన అని పిల్లలతో మాట్లాడండి

ఈ అడుగు దాటేయొద్దు. సమోవా, తాహితీ, హవాయి ప్రజలు, న్యూజిలాండ్ మావోరీలు వేర్వేరు. వాళ్ల పూర్వీకుల రూపాలను, దేవతలను ఇక్కడ అలంకారానికి కలిపేశారు. రాతి తలల విగ్రహాలు కనిపిస్తే, అసలువి చిలీకి చెందిన రాపా నుయి దీవిలో ఉన్నాయని మ్యాప్‌లో చూపించండి. నిప్పు కత్తి నాట్యం సంగతి ఇంకా బాగుంటుంది. కత్తి నాట్యం సమోవాలో పూర్వం నుంచీ ఉన్నదే. దానికి నిప్పు జోడించింది మాత్రం ఫ్రెడ్డీ లెటులి అనే సమోవా కళాకారుడు, అదీ 1946లో శాన్ ఫ్రాన్సిస్కోలో. అంటే అందరూ పాతదనుకునే ఆ నిప్పు, అమెరికా గడ్డ మీద ఒక సమోవా మనిషే వెలిగించింది.

6. తిండి విషయం

టికీ రెస్టారెంట్ల వంట చాలావరకు అమెరికా తరహా చైనీస్. శాకాహారులు ఆయిస్టర్ సాస్, ఫిష్ సాస్ వేస్తారా అని తప్పకుండా అడగాలి. క్రాబ్ రంగూన్ అనే కరకరలాడే వేపుడు జున్ను పెట్టినట్టు కనిపిస్తుంది కానీ అందులో పీత మాంసం ఉంటుంది. పానీయాల్లో రమ్ము గట్టిగా పడుతుంది. పిల్లలకు మందు కలపకుండా చేసిమ్మని అడగండి, కారు నడిపేవాళ్లూ అదే తాగాలి.

7. తిరుగు ప్రయాణంలో బీచ్

క్లియర్‌వాటర్ వైపు వెళ్లేట్టయితే ఇండియన్ షోర్స్‌లో ఆగండి. 1960లలో అక్కడ టికీ గార్డెన్స్ అనే పెద్ద తోట ఉండేది. ఇప్పుడది బీచ్‌కు వెళ్లేవాళ్ల పార్కింగ్, పేరు మాత్రం అలాగే ఉంచారు. పాత పోస్టుకార్డుల బొమ్మలు ఫోన్‌లో దించుకుని, అక్కడే నిలబడి చూపించండి.

పిల్లలకు అసలు దీవుల మీద ఆసక్తి పుడితే, తర్వాతి సెలవులకు హవాయి అనుకోండి. ఓవాహు దీవిలోని లాయీలో 1963 నుంచి పాలినేషియన్ కల్చరల్ సెంటర్ నడుస్తోంది. పక్క యూనివర్సిటీలో చదివే విద్యార్థులు చాలామంది అక్కడ పనిచేస్తారు. వాళ్లలో ఆ దీవుల పిల్లలూ ఉంటారు, అడిగితే తమ ఊరి సంగతులు చెబుతారు. ఆదివారం సెలవు, టికెట్లు కొనేటప్పుడు చూసుకోండి.