ఇంట్లో రేడాన్‌ను కొలవడం ఎలా

రేడాన్ అనే రేడియోధార్మిక వాయువుకు రంగు, రుచి, వాసన లేవు కనుక అది ఇంట్లో ఎంత ఉన్నదో తెలియాలంటే కొలవడమొక్కటే మార్గం. నేలలోను, రాళ్లలోను ఉండే యురేనియం క్షయమవుతూ రేడియంగా, ఆ రేడియం రేడాన్‌గా మారుతుంది. ఈ వాయువు గచ్చు బీటల నుంచి, గోడ నేలను తాకే సందుల నుంచి, పైపుల చుట్టూ మిగిలిన ఖాళీల నుంచి ఇంట్లోకి చేరి, ఆరుబయట గాలిలో వలె పలచబడకుండా మూసిన గదుల్లో పోగవుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగతాగడం తర్వాత ముఖ్య కారణాల్లో ఇదొకటి. పొగతాగేవారికి ముప్పు మరింత ఎక్కువ.

గ్రామంలో ఒక ఇంటి ఫలితాన్ని చూసి మిగతావారు నిశ్చింతగా ఉండడం తరచుగా జరిగే పొరపాటు. అడుగునున్న రాయి, పునాది తీరు, గాలి ఆడే విధానం ఇంటింటికీ మారుతాయి కనుక పక్కపక్క ఇళ్లలోనే ఎంతో తేడా కనిపించవచ్చు. ఏ ఇంటికి ఆ ఇల్లే కొలుచుకోవాలి.

సాధారణంగా వాడే పరీక్ష పరికరాలు రెండు రకాలు. రేడాన్‌ను పట్టి ఉంచే బొగ్గు నింపిన చిన్న డబ్బాను 2 నుంచి 7 రోజులు ఉంచుతారు. రేడాన్ క్షయమవుతూ వెదజల్లే ఆల్ఫా కణాల జాడలను నమోదు చేసే ప్లాస్టిక్ ముక్క గల పరికరాన్ని 90 రోజులకు పైగా, వీలైతే ఏడాది పాటు ఉంచుతారు. రేడాన్ రోజురోజుకూ, ఋతువును బట్టీ మారుతుంది కాబట్టి, తొందర లేనివారికి రెండవదే మేలని నా అభిప్రాయం.

పరికరాన్ని మనుషులు నిత్యం మసలే గదుల్లో అన్నిటికంటే కింది అంతస్తులోని గదిలో, నేలకు కనీసం అర మీటరు ఎత్తున, కిటికీలకు, బయటి గోడలకు, పొయ్యికి, ఫ్యాన్ గాలికి దూరంగా పెట్టాలి. వంటగది, స్నానాలగది పనికిరావు. స్వల్పకాలిక పరీక్షకైతే 12 గంటల ముందు నుంచే కిటికీలు మూసి, రాకపోకలకు తప్ప తలుపులు తెరవకుండా, పరీక్ష ముగిసేదాకా అలాగే ఉండాలి. మొదలుపెట్టిన, ముగించిన తేదీలనూ వేళలనూ అప్పటికప్పుడే రాసుకోవాలి. బొగ్గు డబ్బాను మూతవేసిన వెంటనే ప్రయోగశాలకు పంపాలి, రేడాన్ 3.8 రోజుల్లో సగమైపోతుంది కనుక, తపాలా రోజూ వెళ్లని ఊళ్లలో అది బయలుదేరే రోజును చూసుకునే పరీక్ష ముగించడం మంచిది.

ఫలితం ఘనపు మీటరు గాలికి ఇన్ని బెక్వెరెల్‌లు అని వస్తుంది; సెకనుకు ఒక పరమాణువు క్షయమైతే అది ఒక బెక్వెరెల్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి 100; అది సాధ్యం కాని చోట 300 దాటకూడదు. అమెరికాలో చర్య తీసుకోవలసిన స్థాయి సుమారు 148. స్వల్పకాలిక పరీక్షలో ఎక్కువ వస్తే మరోసారి కొలిచి నిర్ధారించుకోవాలి. బోరునీరు వాడే ఇంట్లో నీటిని కూడా పరీక్షించాలి, ఎందుకంటే స్నానం చేసేటప్పుడు, బట్టలుతికేటప్పుడు నీటిలోని రేడాన్ గాలిలో కలుస్తుంది.

బీటలు పూడ్చడం ఒక్కటే సాధారణంగా చాలదు. గచ్చు కింది నుంచి పైపు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని పీల్చి కప్పుపైన వదిలే ఏర్పాటు బాగా పనిచేస్తుంది. దాన్ని అనుభవమున్నవారి చేత చేయించి, ఆ తర్వాత అదే గదిలో మళ్లీ కొలవాలి.