ఫెంటన్ ట్యాంకులో సీఓడీ దిగనప్పుడు: సమస్య - పరిష్కారం

విశాఖపట్నం చుట్టుపక్కల, ముఖ్యంగా పరవాడ వైపు ఈటీపీలలో (పరిశ్రమల మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లలో) పనిచేసేవారికి, సూక్ష్మజీవులకు కొరుకుడుపడని ఫినాల్ వంటి పదార్థాలను విచ్ఛిన్నం చేయడానికి ఫెంటన్ చర్య ఉపకరిస్తుంది. ఇందులో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లోని ఫెర్రస్ ఇనుము ఉత్ప్రేరకంగా నిలిచి, హైడ్రోజన్ పెరాక్సైడును చీల్చి ఎంతో చురుకైన హైడ్రాక్సిల్ రాడికల్‌ను పుట్టిస్తుంది. మాలిన్యాన్ని ఆక్సీకరించేది ఆ రాడికలే. నీటిలో మాలిన్యం ఎంతుందో సీఓడీ (దాన్ని రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ పరిమాణం) తెలుపుతుంది.

పెరాక్సైడు పోసినా మార్పు లేదు

ముందుగా పీహెచ్ చూడాలి. ఈ చర్యకు 3 దగ్గరి పీహెచ్ అనుకూలం. 4 దాటితే ఇనుము హైడ్రాక్సైడుగా అవక్షేపించి, పెరాక్సైడు రాడికల్‌గా మారకుండానే నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. మీటరును క్యాలిబ్రేట్ చేసి, ఆమ్లంతో పీహెచ్ సరిచేశాక అన్నభేదిని, ఆ తరువాతే పెరాక్సైడును కొద్దికొద్దిగా కలపాలి.

పీహెచ్ సరిగానే ఉంటే అన్నభేది బస్తా విప్పి చూడండి. లేత ఆకుపచ్చ పలుకులపై గోధుమరంగు పొర కట్టి ఉంటే, మన సముద్రపు తేమగాలికి ఫెర్రస్ కొంత ఫెర్రిక్‌గా (ఇనుము మరింత ఆక్సీకరించిన రూపంగా) మారిందని అర్థం. ఫెర్రిక్‌తోనూ చర్య జరుగుతుంది కానీ బాగా మందగిస్తుంది. బస్తా మూతి బిగించి ఉంచడం, ద్రావణాన్ని ఏ రోజుకారోజు కొద్దిగా సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలుపుకోవడం మేలు.

నీరు తేటపడింది, సీఓడీ మాత్రం పెరిగింది

నా దృష్టిలో ఎక్కువ మందిని దారి తప్పించేది ఇదే. మిగిలిపోయిన పెరాక్సైడును సీఓడీ పరీక్షలో వాడే డైక్రోమేట్ ఆక్సీకరిస్తుంది కనుక, ప్రతి 1 మి.గ్రా. పెరాక్సైడు లెక్క ప్రకారం 0.47 మి.గ్రా. సీఓడీగా కనిపిస్తుంది. లీటరుకు 500 మి.గ్రా. మిగిలితే 235 దాకా చూపుతుంది. శుద్ధి చేసిన నీటిని బయటికి వదలడానికి సీఓడీ పరిమితి లీటరుకు 250 మి.గ్రా. అని గుర్తుంచుకుంటే దాని తీవ్రత తెలుస్తుంది. ఆ అంకె చూసి పెరాక్సైడు మోతాదు పెంచడమంటే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే, ఎందుకంటే మితిమీరిన పెరాక్సైడు హైడ్రాక్సిల్ రాడికళ్లనే మింగేస్తుంది. పరీక్షకు ముందు పెరాక్సైడు స్ట్రిప్‌తో నమూనాను చూసి, మిగులు ఉంటే పీహెచ్ పెంచి అది విడిపోయేదాకా ఆగాలి, లేదా క్యాటలేజ్ ఎంజైమ్ వాడాలి. సల్ఫైటు కూడా పనిచేస్తుంది, కానీ అది ఎక్కువైతే తానే సీఓడీగా నమోదవుతుంది.

నీరు ముదురు గోధుమరంగుకు తిరిగింది

ఫినాల్ ఉన్న నీటిలో ఇది చర్య సగంలో ఆగిన గుర్తు కావచ్చు. దారిలో ఏర్పడే క్వినోన్లు ఆ రంగునిస్తాయి. ఇక్కడ మాత్రం మోతాదును, సమయాన్ని పెంచడమే సరైనది. ఎంత పెంచాలో జార్ టెస్టుతో (చిన్న పాత్రల్లో వేర్వేరు మోతాదులు వేసి చూసే పరీక్షతో) తేల్చుకోవాలి.

బురద అడుగుకు దిగక పైకి తేలుతోంది

సున్నంతో తటస్థీకరించగానే మిగులు పెరాక్సైడు నుంచి వెలువడే ఆక్సిజన్ బుడగలు ఇనుప బురదను పైకి మోస్తాయి. బురదను ముద్దకట్టించే పాలిమర్ వేసే ముందే నీటిని గాలితో కలియబెట్టి ఆ వాయువును వదిలించాలి.

ఇవన్నీ సరిచూసినా ఫలితం లేకపోతే

నీటిలో క్లోరైడు ఎంతుందో కొలవండి. క్లోరైడు రాడికళ్లను పట్టేయడమే కాక, క్లోరిన్ కలిసిన కొత్త కర్బన పదార్థాలకూ దారి తీయవచ్చు. అధిక లవణాల నీటిని మొదటి నుంచే వేరు చేసి ఎవాపొరేటరుకు (నీటిని ఆవిరి చేసే యంత్రానికి) పంపడం తప్ప దీనికి ఫెంటన్ ట్యాంకులో చేయగలిగింది పెద్దగా లేదు.