పేలుడు తరంగం – కట్టడం: 3వ పాఠం – ఎదురు గోడ మీద పడే భారం

గత పాఠంలో అడ్డేమీ లేని మైదానంలో సాగిపోయే పేలుడు తరంగాన్ని చూశాం. దాని అధిక పీడనం, అంటే మామూలు గాలి పీడనం కన్నా ఎంత ఎక్కువో, ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టాం. ఇప్పుడు దాని దారిలో ఒక గోడ నిలబెడదాం: 4 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల వెడల్పు. తరంగం సూటిగా ఎదురొస్తోంది, అధిక పీడనం 10 కిలోపాస్కల్‌.

కొత్తగా నేర్చుకునేవారు గోడ మీద కూడా 10 అనే రాసేస్తారు. నిజానికి పడేది దాదాపు 21. చదరపు మీటరుకు ఒక టన్ను బరువు అనుకున్న చోట రెండు టన్నులకు పైనే. ఈ రెట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

తరంగం ముందంచు దాటిన చోట గాలి నొక్కుకుపోవడంతో పాటు, తరంగం వెళ్లే వైపే పరుగు తీస్తుంది కూడా. మన ఉదాహరణలో ఆ వేగం సెకనుకు సుమారు 23 మీటర్లు. అదే వేగంతో నిలకడగా వీచే గాలి తోపు 0.35 కిలోపాస్కల్‌ మాత్రమే. చాలామంది దీన్నే 10కి కలిపి లెక్క అయిపోయిందనుకుంటారు. అది తప్పు. నిలకడగా వీచే గాలి గోడ చుట్టూ తిరిగి పోతుంది. ఇక్కడ గాలికి తప్పుకునే వ్యవధే లేదు. గోడను తాకిన పొర ఆగుతుంది, వెనకాల వచ్చే పొర దాన్ని నొక్కి తానూ ఆగుతుంది. ఈ ఆగడమే కొత్త తరంగమై వెనక్కి బయల్దేరుతుంది. దాని పీడనం ఎంతో స్థూలంగా చూడాలంటే గాలి సాంద్రత, ధ్వని వేగం, గాలి వేగం మూడూ గుణించండి: 1.2 × 340 × 23, దాదాపు 9,400 పాస్కల్‌. వచ్చిన పదికి ఇంచుమించు ఇంకో పది తోడైంది.

తరంగం గోడను తాకి వెనక్కి మళ్లేటప్పుడు గోడ మీద పడే మొత్తం అధిక పీడనాన్ని పరావర్తన పీడనం అంటారు. దానికి కచ్చితమైన సూత్రం ఇది. అధిక పీడనాన్ని ‘అ’ అని, వాతావరణ పీడనాన్ని (101 కిలోపాస్కల్‌) ‘వా’ అని అనుకుంటే,

పరావర్తన పీడనం = 2అ × (7వా + 4అ) ÷ (7వా + అ)

అ = 10 అయితే 20.8 వస్తుంది. అ = 100 పెట్టి చూడండి: 274, అంటే 2.7 రెట్లు. తరంగం బలపడే కొద్దీ గుణకం కూడా పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఈ సూత్రంలో అది 8 దాటదు. అతి బలమైన తరంగాలకు సూత్రమే చెల్లదు కాబట్టి మనం ఆ జోలికి పోవద్దు.

ఇక అసలు విషయం. ఈ 20.8 ఎంతసేపు ఉంటుంది? గోడ అంచుల దగ్గర గాలికి దారి ఉంది. అక్కడి నుంచి పీడనం సడలడం మొదలై, ఆ సడలింపు లోపలికి పాకుతుంది. దానికి పట్టే కాలాన్ని క్లియరింగ్‌ సమయం అంటారు. గోడ ఎత్తు, వెడల్పులో సగం, ఈ రెండింటిలో ఏది చిన్నదో దాన్ని 3తో గుణించి తరంగ వేగంతో భాగించాలి. మన గోడకు 4, 5 మీటర్లలో చిన్నది 4. తరంగ వేగం సెకనుకు 354 మీటర్లు. 12 ÷ 354 అంటే 34 మిల్లీసెకన్లు. ఆ తర్వాత గోడ మీద మిగిలేది తరంగంలో అప్పటికి ఉన్న పీడనం, దానికి తోడు నిలకడ గాలి చిన్న తోపు.

తరంగం 100 మిల్లీసెకన్లు నిలిచేదైతే, పీడనం సరళరేఖలో సున్నాకు తగ్గుతుందనుకుని, సగటు పీడనాన్ని కాలంతో గుణించి చూడండి. సడలింపు లేకుంటే 1,040 కిలోపాస్కల్‌-మిల్లీసెకన్లు, ఉంటే 690 దాకా. మూడో వంతు భారం తప్పింది. అదే తరంగం 10 మిల్లీసెకన్లలో ముగిసేదైతే సడలింపు గోడ మధ్యకు చేరేలోపే అంతా అయిపోతుంది. పూర్తి పరావర్తనం భరించాల్సిందే.

పక్క గోడలకు, కప్పుకు ఈ రెట్టింపు లేదు. ‘అ’ వేస్తే చాలు.

కిటికీ దగ్గర మాత్రం జాగ్రత్త. మీటరు కిటికీ కదా అని దాని కొలత పెట్టి లెక్క వేయకండి. సడలింపు మొదలయ్యేది గోడ అంచు నుంచి, కిటికీ చట్రం నుంచి కాదు. పెద్ద గోడ మధ్యలో ఉన్న చిన్న అద్దం గోడంత సేపూ బరువు మోస్తుంది. కొద్ది కిలోపాస్కల్‌కే పగిలే అద్దానికి రెట్టింపు అంటే చిన్న సంగతి కాదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌ మీదుగా ఉల్క పేలినప్పుడు వెలుగు చూసి జనం కిటికీల దగ్గరికి వచ్చారు. తరంగం చేరింది నిమిషానికి పైగా గడిచాక. దాదాపు 1,500 మంది వైద్యం కోసం వెళ్లారు, ఎక్కువ గాయాలు పగిలిన అద్దాల వల్లే. ఆకాశంలో పెద్ద వెలుగు కనిపిస్తే చూడ్డానికి కిటికీ దగ్గరికి వెళ్లకండి, గది లోపలికి జరగండి.

అభ్యాసం: 6 మీటర్ల ఎత్తు, 8 మీటర్ల వెడల్పు గోడకు క్లియరింగ్‌ సమయం కట్టండి. తరువాత ఎత్తు 12 మీటర్లు చేసి చూడండి. రెండుసార్లూ 34 మిల్లీసెకన్లే వస్తే మీ లెక్క సరైనదే. ఎందుకు మారలేదో ఒక వాక్యంలో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో ఇదే 34ను గోడ సహజ ఊపు కాలంతో పోల్చబోతున్నాం.