కొత్త గేమ్‌కి పాత కన్సోల్ వెర్షన్: కొనే ముందు ఎలా తేల్చుకోవాలి?

కొత్త కన్సోల్ (టీవీకి కలిపి గేమ్‌లు ఆడే యంత్రం) కోసం చేసిన గేమ్ కొన్నిసార్లు పాత కన్సోల్‌కీ వస్తుంది. ఒకే పేరు, ఒకే అట్ట బొమ్మ. లోపల ఉన్న గేమ్ మాత్రం ఒకటే కాకపోవచ్చు. పీఎస్4 (ప్లేస్టేషన్ 4)లో 8 జీబీ మెమరీ ఉంది. పీఎస్3లో ఉన్నది 512 ఎంబీ, అదీ రెండు సగాలుగా విడిపోయి. పదహారు గదుల ఇంటి సామాను ఒక్క గదిలో సర్దాలన్నమాట. కొంత సామాను బయట పెట్టక తప్పదు. ఏది బయట పెట్టారో డబ్బు చెల్లించాక కాకుండా ముందే తెలుసుకోవడానికి నేను పాటించే పద్ధతి ఇది.

1. కోత బొమ్మకు పడిందా, ఆటకు పడిందా చూడండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

బొమ్మకు, అంటే తెర మీద కనిపించే గ్రాఫిక్స్‌కు, పడిన కోతతో సర్దుకుపోవచ్చు. 2005లో గేమ్‌క్యూబ్‌కి వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 అదే సంవత్సరం పీఎస్2కి వచ్చింది. వెలుగునీడలు పలచబడ్డాయి. కథా సన్నివేశాలను కన్సోల్ అప్పటికప్పుడు గీయడం మానేసి, ముందే రికార్డు చేసిన వీడియోలుగా చూపించింది. అందువల్ల మీరు కథానాయకుడు లియోన్‌కి వేరే దుస్తులు వేసినా సన్నివేశం రాగానే అతను మళ్లీ పాత దుస్తుల్లోనే కనిపిస్తాడు. నవ్వుకుని ఊరుకోవచ్చు. ఎందుకంటే ఆట మొత్తం అలాగే ఉంది, పైగా ఏడా అనే మరో పాత్రతో ఆడే కొత్త భాగం కూడా చేరింది.

ఆటకు పడిన కోత అలాంటిది కాదు. ఇద్దరు కలిసి ఆడే ఫైనల్ ఫైట్ సూపర్ నింటెండోకి వచ్చేసరికి ఒక్కరే ఆడే గేమ్ అయింది. ముగ్గురు వీరుల్లో గై అనే పాత్ర మాయమైంది, ఒక స్టేజీ కూడా పోయింది. 2015లో పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360లకు వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 3లో కథా భాగమే లేదు. ఇతరులతో ఆడే మల్టీప్లేయర్, జాంబీలతో పోరాడే జాంబీస్ మోడ్ మాత్రమే ఉన్నాయి. కథ కోసం కొనేవారికి అది సగం గేమ్ కూడా కాదు.

ఈ రెండింటి మధ్య గీత అన్నిసార్లూ స్పష్టంగా ఉండదు. 1995లో సూపర్ నింటెండోకి వచ్చిన డూమ్ సంగతి చూడండి. నేలకూ పైకప్పుకూ టెక్స్చర్లు (పైన అతికించే రంగు, గీతల బొమ్మలు) తీసేశారు, అది బొమ్మకు పడిన కోతే. శత్రువులకు ముందువైపు బొమ్మలే ఉంచి పక్క, వెనుక బొమ్మలు వదిలేశారు. చూడటానికి ఇదీ బొమ్మ సంగతే అనిపిస్తుంది. కానీ రాక్షసుడు ఎటు తిరిగి ఉన్నాడో తెలియకపోతే వెనుక నుంచి వెళ్లి కొట్టే ఎత్తుగడే ఉండదు. ఇంకా పెద్ద లోటు, ఆటను మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేకపోవడం.

2. పోర్ట్ చేసింది (గేమ్‌ను మరో యంత్రానికి మార్చింది) ఎవరో కనుక్కోండి

అసలు స్టూడియో చేయలేదంటే నాసిరకమని చాలామంది అనుకుంటారు. నా లెక్క వేరు. పాత యంత్రం కిటుకులు తెలిసిన స్టూడియోకి అప్పగించడం చాలాసార్లు మంచి సూచన. ఎక్స్‌బాక్స్ 360 కోసం టైటాన్‌ఫాల్‌ను బ్లూపాయింట్, రైజ్ ఆఫ్ ద టూంబ్ రైడర్‌ను నిక్సెస్ తీసుకొచ్చాయి. రెండు సీడీల రెసిడెంట్ ఈవిల్ 2ను ఏంజెల్ స్టూడియోస్ 1999లో నింటెండో 64 కోసం 64 ఎంబీ కార్ట్రిడ్జ్‌లో (సీడీకి బదులు వాడే చిప్ డబ్బాలో), వీడియోలతో సహా ఇమిడ్చింది. అంతటితో ఆగకుండా అసలు దానిలో లేని కొత్త పత్రాలు కొన్ని కథలో చేర్చింది.

3. మీ కన్సోల్‌లో తీసిన వీడియోనే చూడండి

ట్రైలర్‌ను నమ్మవద్దు. 2020 డిసెంబరులో సైబర్‌పంక్ 2077 విడుదలకు ముందు సమీక్షకులకు అందింది పీసీ వెర్షనే. పీఎస్4లో అది ఎలా నడుస్తుందో కొన్నవారికే ముందు తెలిసింది. కొద్ది రోజులకే సోనీ దాన్ని తన డిజిటల్ స్టోర్ నుంచి తీసేసింది.

కాబట్టి వీడియో శీర్షికలో కన్సోల్ పేరు ఉందో లేదో చూసుకోండి. తొలి పది నిమిషాలు వదిలేయండి, అక్కడ ఎవరైనా జాగ్రత్తపడతారు. గుంపుగా శత్రువులు మీదపడేచోట, వాన కురిసేచోట, వాహనం వేగంగా వెళ్లేచోట ఆపి చూడండి. తెర మీద సెకనుకు 30 ఫ్రేములు (వరుసగా మారే చిత్రాలు) అయితే ఒక్కో ఫ్రేమ్ సుమారు 33 మిల్లీసెకన్లు నిలుస్తుంది. స్థిరంగా 30 ఉంటే కన్ను అలవాటు పడుతుంది. 30 నుంచి 20కి, మళ్లీ 30కి ఊగితేనే చేతికీ తెరకూ పొత్తు కుదరదు. రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల సంఖ్య) తక్కువని బాధపడేవారిని చూశాను కానీ, ఈ ఊగిసలాట గురించి ముందే అడిగేవారు తక్కువ.

4. అప్‌డేట్లు, సర్వర్ల సంగతి అడగండి

స్విచ్‌కి 2019లో వచ్చిన ద విచర్ 3, చేతిలో పట్టుకుని ఆడితే 540పి (నిలువునా 540 చుక్కల) రిజల్యూషన్‌తోనే నడిచేది. మరుసటి సంవత్సరం అప్‌డేట్‌తో గ్రాఫిక్స్ సెట్టింగ్‌లు వచ్చాయి, పీసీలోని సేవ్‌ను తెచ్చుకునే వీలూ వచ్చింది. అందుకే సమీక్ష తేదీ చూడండి. పాత యంత్రాల్లో దీనికి తిరగబడిన చిక్కు ఒకటుంది: ఆన్‌లైన్‌లో మాత్రమే ఆడే గేమ్ అయితే, సర్వర్లు మూసేశాక మీ చేతిలో మిగిలేది డిస్క్ ఒక్కటే. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు ముందు ఇదే అడగాలి.

5. కొన్నాక టీవీని సరిచేయండి

టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, బటన్ నొక్కినప్పుడు కలిగే ఆలస్యం తగ్గుతుంది. పీఎస్2 లాంటి వాటికి పసుపు పిన్ను ఉండే కాంపోజిట్ కేబుల్ బదులు కాంపోనెంట్ కేబుల్ వాడితే బొమ్మ తేరుకుంటుంది. గేమ్ సెట్టింగ్‌లలో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మను మసకబార్చే ఎఫెక్ట్) ఉంటే ఆపేసి చూడండి. టీవీలోని షార్ప్‌నెస్ పెంచితే తక్కువ రిజల్యూషన్ బొమ్మ అంచులు మరింత గరుకవుతాయి, దాన్ని తగ్గించే ఉంచండి.