కారు కంటే ముందు గోడ: ఇంట్లో ఈవీ చార్జింగ్ లైను సరిగ్గా వేయించుకోవడం ఎలా

షోరూములో ఈవీ (ఎలక్ట్రిక్ కారు) రేంజి గురించి, అంటే ఒక చార్జితో ఎంత దూరం పోతుందో, అరగంట చెబుతారు. ఇంట్లో ప్లగ్గు పెట్టే చోటు గురించి మాత్రం ఒక్కటే ముక్క: "15 ఆంప్స్ సాకెట్ ఉంటే చాలు సార్." అది అబద్ధం కాదు. కానీ ఆ సాకెట్ వెనక ఎంత లావు వైరుంది, ఎర్తు నిజంగా భూమి దాకా పోతోందా అని ఎవరూ అడగరు. కొత్తగా ఈవీ కొన్నవాళ్లు మొదటి నెలలో "కారు చార్జ్ కావట్లేదు" అని సర్వీస్ సెంటరుకు ఫోన్ చేసే సందర్భాల్లో చాలావాటికి మూలం కారులో ఉండదు, గోడలో ఉంటుంది.

ముందు లోడు సంగతి. కారుతో వచ్చే పోర్టబుల్ చార్జరు 3.3 కిలోవాట్లది. 230 వోల్టుల దగ్గర అది లాగేది 14 ఆంప్స్ పైచిలుకు. గీజరు కూడా 2 కిలోవాట్లు లాగుతుంది కదా అంటారు. గీజరు ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది. ఏసీ కంప్రెసరు ఆగుతూ నడుస్తుంది. కారు అలా కాదు, ఎనిమిది గంటలు ఏకబిగిన అదే 14 ఆంప్స్ లాగుతూనే ఉంటుంది. గీజరుకు ఏళ్ల తరబడి పనిచేసిన వైరు కారుకు వారంలో వేడెక్కడానికి కారణం ఇదే.

ఈ 3.3 కిలోవాట్ల చార్జరు చాలా, గోడకు బిగించే 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ కావాలా అన్నది రోజువారీ తిరుగుడును బట్టి తేల్చుకోండి. ఊళ్లో కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు ఇస్తుంది. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే బ్యాటరీలోంచి పోయేది 8 యూనిట్ల లోపు. చార్జింగులో 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది కాబట్టి మీటరులో 9 యూనిట్లు తిరుగుతాయి. అంటే 3.3 మీద మూడు గంటల లోపు పని. 45 కిలోవాట్ అవర్ (అంటే 45 యూనిట్ల) బ్యాటరీని 20 శాతం నుంచి 80కి ఎక్కించాలంటే మాత్రం తొమ్మిది గంటలు దాటుతుంది, 7.2 అయితే నాలుగున్నర గంటల లోపే. ఒకే కారు, రోజూ ఆఫీసుకు వెళ్లి రావడం, రాత్రంతా ఇంటి దగ్గరే ఉండటం అయితే 7.2 వాల్ బాక్స్ మీద డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బు మంచి ఎర్తింగుకు పెట్టండి. ఇంకో సంగతి: కారులోపలి చార్జరు 3.3 దే అయితే గోడకు 7.2 బాక్స్ బిగించినా అది 3.3 మాత్రమే తీసుకుంటుంది. బుక్ చేసే వేరియంటులో ఏది ఉందో ముందే అడగండి.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకూ (పెట్రోలుతో పాటు ప్లగ్గు పెట్టి నింపే బ్యాటరీతోనూ నడిచేవి) ఇదే లైను పనికొస్తుంది, బ్యాటరీ చిన్నది కాబట్టి తొందరగా నిండుతుంది. ఇన్నోవా హైక్రాస్ లాంటి హైబ్రిడ్‌లకు అసలు ప్లగ్గే ఉండదు, వాటికి ఈ తతంగం అక్కర్లేదు.

వైరు, బ్రేకరు

మీటరు బోర్డు నుంచి చార్జింగ్ పాయింటుకు విడిగా ఒక లైను రావాలి. మధ్యలో మోటారుకో, వాషింగ్ మెషీనుకో కొమ్మ తియ్యకూడదు. 3.3కి 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. ఎలక్ట్రీషియన్ "2.5 చాలండీ, ఏసీలకు అదే వేస్తాం" అంటాడు. లెక్క చూడండి. మీటరు నుంచి 30 మీటర్ల దూరం అనుకుంటే, పోను రాను 60 మీటర్ల వైరు. 2.5 వైరులో 14 ఆంప్స్ మీద 6 వోల్టులకు పైగా వైరే తినేస్తుంది, 4 వైరులో 4 వోల్టులు. ఆ 6 వోల్టులంటే దాదాపు 90 వాట్లు, పైపులో రాత్రంతా వేడిగా మారేవి. 7.2కి 32 ఆంప్స్ కాబట్టి 6 స్క్వేర్ ఎంఎం తప్పనిసరి, దూరం 30 మీటర్లు దాటితే 10. అల్యూమినియం వైరు ఈ పనికి వద్దు.

బ్రేకరు మీటరు వైపు ఉండాలి, చార్జరు పక్కన మాత్రమే కాదు. మధ్యలో వైరు నలిగి షార్టయితే మీటరు దగ్గరే బ్రేకరు పడి కరెంటు ఆగిపోవాలి కదా. 3.3కి 20 ఆంప్స్ సి-కర్వ్ ఎంసీబీ (లోడు మించినా, షార్టయినా దానంతటదే పడిపోయే బ్రేకరు), 7.2కి 40 ఆంప్స్. దానితో పాటు 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే బ్రేకరు), 'టైప్ ఏ' అని అడిగి తీసుకోండి. కొట్లో అడక్కపోతే ఇచ్చేది టైప్ ఏసీ. కారు చార్జరు ఏసీని డీసీగా మారుస్తుంది కాబట్టి లీకేజీలో కాస్త డీసీ కూడా కలుస్తుంది. టైప్ ఏసీ దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. ఇంటి మొత్తానికి ఉన్న ఆర్‌సీసీబీ కిందనే కారునూ కలిపేస్తే ఫ్రిజ్జు, గీజరు, కారు అన్నింటి చిన్నచిన్న లీకేజీలు కలిసి అర్ధరాత్రి ట్రిప్పవుతుంది. పొద్దున్నే కారు చార్జ్ ఉండదు, ఫ్రిజ్జులో పాలు కూడా ఉండవు.

ఇన్వర్టరు లైను మీద కారు పాయింటు పెట్టకండి. ఇంటి ఇన్వర్టరు ఈ లోడు మోయలేదు.

కరెంటాఫీసు సంగతి: ఇంటికి 3 కిలోవాట్ల లోడు రాయించుకుని ఉంటే, దానికి ఇంకో 3.3 తోడవుతోంది. సెక్షన్ ఆఫీసులో అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి డబ్బు కట్టుకోండి. ఇంటి మీటరు మీదే కారును చార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లోనే స్పష్టంగా ఉంది. కాకపోతే నెలకు 250 యూనిట్లు కారుకే పోతే ఇంటి బిల్లు పై స్లాబులోకి ఎగబాకుతుంది. అప్పుడు ఈవీ కేటగిరీలో విడి మీటరు తీసుకుంటే కలిసొస్తుందా అని ఆ ఏటి టారిఫ్ చూసి లెక్కేసుకోండి. విడి మీటరుకు నెలనెలా ఉండే ఫిక్స్‌డ్ చార్జీనీ ఆ లెక్కలో కలపండి.

ఎర్తు

అసలు కథంతా ఇక్కడే. ఫ్యాను, టీవీ ఎర్తు లేకపోయినా నోరు మూసుకుని తిరుగుతాయి. కారు చార్జరు తిరగదు. ఎర్తు సరిగా లేదని తెలియగానే ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది. అది దాని తప్పు కాదు, మీ ప్రాణం కోసం చేసే పని.

మల్టీమీటరుతో సాకెట్ దగ్గర మూడు కొలతలు తీయించండి. ఫేజు-న్యూట్రలు, ఫేజు-ఎర్తు, న్యూట్రలు-ఎర్తు. మొదటి రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఫేజు-ఎర్తు 100, 150 అలా తేలుతుంటే ఎర్తు వైరు ఎక్కడో తెగింది, లేదా అసలు భూమిలోని ఎర్తు గుంత దాకా వెళ్లలేదు. న్యూట్రలు-ఎర్తు కొలతను రెండుసార్లు చూడాలి: చార్జింగ్ లేనప్పుడు ఒకసారి, నడుస్తుండగా ఒకసారి. ఖాళీగా 1 వోల్టు, లోడు మీద 3 వోల్టులు ఉంటే ఇబ్బంది లేదు, ఆ పెరిగిన రెండూ న్యూట్రలు వైరులో పోయేవే. ఖాళీగా ఉన్నప్పుడే 10 దాటితే ఎర్తు గుంతనో, బిల్డింగు న్యూట్రల్‌నో అనుమానించండి. ఖాళీగా బాగుండి, లోడు పడగానే 8కో 10కో ఎగిరితే న్యూట్రలు వైరు సన్నదన్నా అయ్యుండాలి, ఎక్కడో జాయింటు వదులన్నా అయ్యుండాలి.

మల్టీమీటరు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. మల్టీమీటరు లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి ఎర్తు అంతంతమాత్రంగా ఉన్నా 230 చూపించేస్తుంది. పాత ఎలక్ట్రీషియన్ల పద్ధతి మేలు: 100 వాట్ల గుండు బల్బును హోల్డరుకు పెట్టి, ఫేజుకూ ఎర్తుకూ మధ్య వెలిగించడం. ఫేజు-న్యూట్రలు మధ్య ఎంత వెలుగో ఇక్కడా అంతే రావాలి. మినుకుమినుకుమంటే ఎర్తు లేనట్టే. ఈ పరీక్ష ఆర్‌సీసీబీకి ముందు, మీటరు వైపు చేయాలి. తర్వాత చేస్తే బల్బు వెలగకముందే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, సొంతంగా వద్దు. బల్బు పట్టిచ్చేది తెగిన ఎర్తును మాత్రమే. ఎర్తు నిరోధం (కరెంటుకు వచ్చే అడ్డు) 5 ఓమ్‌ల లోపు ఉందా అని తేల్చాలంటే ఎర్త్ టెస్టరు ఉన్న మనిషి కావాలి.

గుంత పాతదైతే, ముఖ్యంగా ఉప్పు-బొగ్గు వేసి జీఐ (జింకు పూత ఇనుప) పైపు దింపినదైతే, ఎండాకాలంలో నేల ఎండి ఓమ్‌లు పెరుగుతాయి. జనవరిలో బాగా చార్జయిన కారు ఏప్రిల్‌లో మొరాయిస్తే మొదట గుంతలో రెండు బకెట్లు నీళ్లు పోసి మర్నాడు చూడండి. బాగుపడితే జబ్బు తెలిసినట్టే. కారుకు విడిగా ఇంకో గుంత తీయించండి: 3 మీటర్ల రాగి పూత రాడ్డు, చుట్టూ కెమికల్ పౌడరు, అక్కడి నుంచి పాయింటు దాకా 4 స్క్వేర్ ఎంఎంకు తగ్గని ఎర్తు వైరు.

ఒక్క పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వద్దు. ఎర్ర లైటు పోవట్లేదని సాకెట్ వెనక న్యూట్రల్‌ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న ముక్క వైరు కలిపేసి "అయిపోయింది సార్" అంటారు కొందరు. చార్జరు మోసపోతుంది, కారు చార్జవుతుంది. ఏదో ఒక రోజు బయట న్యూట్రలు వైరు తెగితే ఆ ముక్క గుండా కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. తలుపు పట్టుకున్నవాళ్ల గతి చెప్పక్కర్లేదు. పని అయ్యాక సాకెట్ ప్లేటు విప్పించి కళ్లారా చూడండి.

సాకెట్

మొత్తం లైనులో బలహీనమైన చోటు ఇదే. పేరున్న కంపెనీ 16 ఆంప్స్ సాకెట్ తీసుకోండి, అన్ని రకాల పిన్నులూ పట్టే కాంబో సాకెట్ వద్దు. ప్లగ్గు పిన్నుకూ లోపలి స్ప్రింగుకూ మధ్య పట్టు వదులై పదో వంతు ఓమ్ అడ్డం వచ్చినా చాలు, 14 ఆంప్స్ మీద దాదాపు 20 వాట్ల వేడి గోరంత చోట పుడుతుంది. ఒక సోల్డరింగ్ ఐరన్ వేడిలాంటిదది. ముందు పిన్ను మీద గోధుమ రంగు మరక, తర్వాత ప్లాస్టిక్ వాసన, ఆ తర్వాత సాకెట్ కరగడం. మరక కనబడిన రోజే సాకెట్ మార్చండి. పిన్ను నల్లబడితే గీకి వాడకుండా ప్లగ్గు కూడా మార్పించండి.

చార్జరు కేబుల్ మధ్యలో ఉండే బరువైన డబ్బాను ప్లగ్గుకే వేలాడేయకండి. ఆ బరువుకే పిన్నులు కిందికి లాగి పట్టు వదులవుతుంది. సాకెట్ పక్కన పదిరూపాయల కొక్కెం కొట్టి డబ్బాను దానికి తగిలించండి. ఇంత చిన్న పని చాలా సాకెట్లను కాపాడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాత్రం ఒక్క రాత్రికైనా వద్దు.

సాకెట్ నేల నుంచి కనీసం 4 అడుగుల ఎత్తులో ఉండాలి. సెల్లార్ పార్కింగ్ అయితే ఇంకాస్త పైకి. హైదరాబాద్ వానలకు సెల్లార్లు ఎలా నిండుతాయో తెలిసిందే. నీళ్లు చేరుతుంటే మొదట పైన ఎంసీబీ దించండి, తర్వాతే కారుకు తగిలించిన చార్జింగ్ గన్ను ముట్టుకోండి. నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయకుండా, చార్జింగ్ పెట్టకుండా టోయింగ్‌కు పిలవాలి.

అపార్ట్‌మెంటులో

అసోసియేషన్‌కు నోటిమాటగా కాక కాగితం మీద రాసివ్వండి: మీ సొంత మీటరు నుంచే లైను, ఏ దారిలో పైపు వెళ్తుంది, ఎంత లోడు, ఏ బ్రేకర్లు. గొడవలు ఎక్కువగా కామన్ మీటరు నుంచి లాగినప్పుడే వస్తాయి. పైపు సీలింగు వెంట వేయించి, మీటరు రూములో మీ ఎంసీబీ మీద ఫ్లాట్ నంబరు రాయించండి. లేకపోతే వేరే పనికొచ్చిన ఎలక్ట్రీషియన్ దాన్ని ఆపేసి వెళ్లిపోతాడు. సాకెట్‌కు తాళం పడే డబ్బా పెట్టించండి. జనరేటరు బ్యాకప్ పార్కింగ్ లైనుకు రాకుండా చూసుకోండి, చాలా జనరేటర్ల న్యూట్రలు సరిగ్గా ఎర్తు కాకపోవడంతో అప్పుడు చార్జరు ఎర్తు లోపం చూపిస్తుంది. పది కార్లు అయ్యాయంటే తలా ఒక పైపు లాగడం కంటే ఈవీ కేటగిరీలో ఒకే కనెక్షను, ఒక్కొక్కరికి సబ్ మీటరు మేలు.

నడుస్తున్నప్పుడు

బ్యాటరీ రకం మాన్యువల్లో చూడండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అయితే వారానికోసారి స్లో చార్జింగులో 100 దాకా నింపితే శాతం లెక్క సరిగ్గా చూపిస్తుంది. ఎన్‌ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్) అయితే రోజూ 80 దగ్గర ఆపి, దూరం వెళ్లే రోజే నింపుకోవడం మంచిది. ఎండలో తిరిగొచ్చిన వెంటనే కాకుండా రాత్రి 11 తర్వాత మొదలయ్యేలా టైమరు పెట్టండి, అప్పటికి బ్యాటరీ చల్లబడుతుంది, లైన్లో వోల్టేజీ కూడా తేరుకుంటుంది. ఊళ్లలో సాయంత్రం 190 వోల్టులకు పడిపోయి చార్జింగ్ ఆగిపోయే బాధ దీంతోనే చాలావరకు తీరుతుంది.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండొచ్చేవాళ్లు కారును 50-60 శాతం దగ్గర వదలండి, 100 నింపి వద్దు. అంతకంటే ముందు పడిపోయేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది పడిపోతే పెద్ద బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా రిమోట్‌తో తలుపు కూడా తెరుచుకోదు. పదిహేను రోజులకోసారి ఎవరైనా వచ్చి కారు ఆన్ చేసి గంటసేపు ఉంచితే పెద్ద బ్యాటరీ నుంచి ఆ చిన్నది నిండుతుంది.

మొదటి రాత్రి

పడుకునే ముందు చార్జింగ్ పెట్టి అరగంట ఆగండి. ఎంసీబీ మీద, సాకెట్ ప్లేటు మీద, ప్లగ్గు వెనక అరచెయ్యి వెనకవైపు ఆనించి చూడండి. గోరువెచ్చన పర్వాలేదు. రెండు సెకన్లు ఆనించలేనంత వేడి ఉంటే అక్కడే ఆపేసి, స్క్రూలు ఎక్కడ వదులయ్యాయో చూపించండి. రెండు గంటలకు ఇంకోసారి చూడండి. నెల తిరిగాక ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలిచి, మెయిన్ ఆపి, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, సాకెట్ స్క్రూలన్నీ మరోసారి బిగించమనండి. రోజూ వేడెక్కి చల్లబడటంతో కొత్త వైరు టెర్మినల్‌లో కాస్త సర్దుకుని వదులవుతుంది. ఆర్‌సీసీబీ మీద 'టి' బటన్ నొక్కితే టక్కున పడిపోవాలి. నెలకోసారి అది నొక్కండి. పడకపోతే ఆ రాత్రి చార్జింగ్ వద్దు.